చర్చ: ల్యాబ్ పరికరాలను క్లౌడ్ ద్వారా దూరం నుంచి నడిపేవాళ్లున్నారా?

నానోకన్ను: మా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ని, రామన్ స్పెక్ట్రోమీటర్‌ని (లేజర్ వెలుగుతో పదార్థాన్ని గుర్తించే పరికరం) బయటి పరిశోధకులకు క్లౌడ్ ద్వారా ఇవ్వాలనుకుంటున్నాం. లాగిన్, స్లాట్ బుకింగ్, డేటా నిల్వ మీరెలా పెట్టుకున్నారు?

పాతవైరు: బుకింగ్ సంగతి తర్వాత చూడొచ్చు. పరికరానికి కట్టిన కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉంది? మాది విండోస్ 7. దానికి సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది. మార్చుదామంటే పరికరం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు. ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) బయటికి తెరిచేశారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వచ్చి పాత కొలతల స్పెక్ట్రాలన్నీ పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆప్టిక్స్‌రాజు: అందుకే పక్కన చిన్న లినక్స్ కంప్యూటర్ ఉండాలండీ. క్లౌడ్‌కి అదే లోపలి నుంచి కనెక్ట్ అవుతుంది, 8883 పోర్టు మీద టీఎల్ఎస్ (గుప్తీకరణ)తో ఎంక్యూటీటీ (పరికరాలు చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి). బయటి నుంచి లోపలికి ఒక్క పోర్టూ తెరవక్కర్లేదు. మా ఆసిలోస్కోప్‌లన్నీ (విద్యుత్ సంకేతాలను గీతగా చూపే పరికరాలు) ఇలాగే హాయిగా నడుస్తున్నాయి.

బీమ్‌లైన్: ఆసిలోస్కోప్ వేరు, మైక్రోస్కోప్ వేరు. ఫోకస్ నాబ్ తిప్పిన అర సెకనుకి బొమ్మ కదిలితే ఫోకస్ దాటిపోతుంది. వెనక్కి తిప్పితే అటూ దాటిపోతుంది. లైవ్ కంట్రోల్ క్లౌడ్‌లో పనికిరాదు.

ఆప్టిక్స్‌రాజు: ఎలా పనికిరాదు? ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన బగ్‌స్కోప్ ప్రాజెక్టులో 1999 నుంచే బడిపిల్లల చేత బ్రౌజర్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నడిపించింది.

బీమ్‌లైన్: అక్కడ పురుగుల్ని లోపల పెట్టి అన్నీ సిద్ధం చేసేది సిబ్బంది. తెలుసుకుని మాట్లాడండి. నేను ఏళ్ల తరబడి కంట్రోల్ సిస్టమ్స్ రాస్తున్నవాణ్ణి. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. 10,000 కిలోమీటర్లు వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు. ఎంత మంచి సర్వర్ పెట్టినా అది తగ్గదు.

ఆప్టిక్స్‌రాజు: మరి మీ అర సెకనులో మిగతా 400 మిల్లీసెకన్లు ఎక్కడివి? వీడియో కంప్రెషన్, బఫరింగ్ చూసుకోండి. నాబ్ కదలికలు పంపడం మానేసి ఫోకస్ చెయ్యమని ఒక్క ఆదేశం పంపండి, ఆటోఫోకస్ ల్యాబ్‌లోనే నడుస్తుంది.

బీమ్‌లైన్: ఎలక్ట్రాన్లు పేరుకుని ఛార్జ్ అయ్యే, బొమ్మ చెదిరే శాంపిల్ మీద మీ ఆటోఫోకస్ పెట్టి చూశాక రండి.

నానోకన్ను: అయ్యా, బుకింగ్...

రేఖాగణితం: లైవ్ అక్కర్లేని కొలతలకు స్లాటే వద్దు. ఎంఐటీలో 1998లో మొదలైన వెబ్‌ల్యాబ్‌లో విద్యార్థి సెట్టింగులు పంపితే ట్రాన్సిస్టర్ కొలత జరిగి ఫలితం తిరిగొచ్చేది. రామన్‌కి అదే దారి పట్టండి.

క్రయోమిత్ర: డేటా మాటెత్తరేం? క్రయో ఈఎం (గడ్డకట్టించిన నమూనాలను చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) మూవీలు రోజుకు టెరాబైట్లలో వస్తాయి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఒక్క టెరాబైట్ ఎక్కడానికే 22 గంటలు. మోషన్ కరెక్షన్ (ఫ్రేముల మధ్య కదలికను సరిచేయడం) ల్యాబ్‌లోనే చేసి, సరిచేసిన బొమ్మలే పైకి పంపండి.

సిగ్నల్‌సుమ: రామన్ అంటున్నారు, అందులో లేజర్ ఉంది కదా! మాకు లేజర్ వెలుగుతుండగానే లింక్ తెగింది. షట్టర్ మూసింది హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్ (సాఫ్ట్‌వేర్ లేకుండానే ఆపే రక్షణ ఏర్పాటు). హార్ట్‌బీట్ (లింక్ బతికే ఉందని చెప్పే సంకేతం) ఆగగానే పరికరం తనంతట తానే సేఫ్ స్థితికి వెళ్లాలి. ఆ ఏర్పాటు అయ్యేదాకా బయటివాళ్లకు లాగిన్ ఇవ్వకండి.