స్లాబు కారుతోంది, ఓనర్ కదలడం లేదు. రిపేరు ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చా?

విద్యానగర్_రెండో_అంతస్తు:
హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంటున్నా. అద్దె 14,000. పైన టెర్రస్. వానలు మొదలైనప్పటి నుంచి వంటింటి స్లాబు కారుతోంది. మొన్న స్టవ్ పక్కనే అరచేతంత పెచ్చు ఊడిపడింది, పైకి చూస్తే తుప్పు పట్టిన ఊచ. గోడంతా చెమ్మ, స్విచ్‌బోర్డు ముట్టుకుంటే జివ్వుమంటోంది. మిక్సీ హాల్లోకి మార్చేశా. ఓనర్ అంకుల్‌కి ఫోన్ చేస్తే "వానలు తగ్గనీయమ్మా, చూద్దాం" అంటారు. వానలు తగ్గాక కారదు కదా, అప్పుడేం చూస్తారు? గట్టిగా అడిగితే "నచ్చకపోతే ఖాళీ చెయ్యి" అన్నారు. పాప స్కూలు పక్క వీధిలోనే, సంవత్సరం మధ్యలో ఎక్కడికి పోను? మేస్త్రీ వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టరింగ్ కలిపి 22,000 అన్నాడు. నేనే చేయించి అద్దెలో పట్టుకుంటే చట్టం ఒప్పుకుంటుందా? రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లమని ఆఫీసులో అంటున్నారు.

కిరాయికిచ్చేటోడు:
నేను కూడా ఓనర్‌నే అక్కా. ముందుగాల ఆ వంటింటి లైన్ ఎంసీబీ (మెయిన్ బోర్డుల ఆ లైన్ కరెంటు ఆపే స్విచ్) బంద్ చెయ్యండి, చట్టం తర్వాత. ఇంకొకటి, టెర్రస్ మీకు కిరాయికి ఇచ్చిన జాగల లేదు. ఆయన్ని అడగకుండ మేస్త్రీని పైకి ఎక్కిస్తే రేపు "నా స్లాబు ఖరాబు చేసిండ్రు" అని మీ మీదికే వస్తడు.

సివిల్_వకీలు:
రెంట్ కంట్రోలర్ మీకు పనికిరాడమ్మా. ఆయన కేసులు చూసేది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద, అది హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు. ఇవాళ 3,500కి సిటీలో బండి పెట్టుకునే చోటు దొరికితే గొప్ప.

మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108(ఎఫ్). ఓనర్ తాను చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, మీరే చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. చిక్కంతా ఎక్కడంటే, ఆ రిపేరు ఆయన బాధ్యతేనని ఈ సెక్షన్ చెప్పదు. అది మీ అగ్రిమెంటులో ఉండాలి. రిపేర్ల క్లాజు చూడండి. అలాంటిదేమీ లేకపోతే పైసా పట్టుకునే ముందు లాయరుకు చూపించండి.

నోటీసు కాగితం మీదే ఇవ్వండి, ఫోన్లో అన్న మాటలు లెక్కలోకి రావు. ఫొటోలు, మేస్త్రీ ఎస్టిమేటు జతచేసి, గడువు తేదీ రాసి, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి. అద్దె మాత్రం ఆపకండి. బాకీ పడ్డారంటే ఖాళీ చేయించడానికి ఆయన చేతికి మీరే కారణం ఇచ్చినట్టు. "ఖాళీ చెయ్యి" అన్నంత మాత్రాన ఇల్లు వదలక్కర్లేదు, మీరు కదలకపోతే ఆయన కోర్టుకే వెళ్లాలి. కరెంటో నీళ్లో కట్ చేస్తే సిటీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (అలా చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) అడగొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి.

బెజవాడ_బుల్లోడు:
2021లో కొత్త అద్దె చట్టం వచ్చింది కదండీ, నెలకు సగం అద్దె దాకా పట్టుకోవచ్చని చదివాను.

సివిల్_వకీలు:
అది కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప కోర్టులో పనికిరాదు. కాకపోతే దాని చివర ఏ రిపేరు ఎవరిదో పట్టిక ఉంది: స్లాబు లాంటి నిర్మాణ రిపేర్లు, పైపులు, వైరింగ్ ఓనర్‌వి, కుళాయి వాషర్లు, స్విచ్‌లు అద్దెకున్నవాళ్లవి. వచ్చే అగ్రిమెంటులో అది ఉన్నదున్నట్టు దింపేయండి.

విద్యానగర్_రెండో_అంతస్తు:
అగ్రిమెంటు తీశాను. రెండో పేజీలో "మేజర్ రిపేర్లు ఓనర్ బాధ్యత" అని ఉంది! టెర్రస్ తాళం అంకుల్ దగ్గరే ఉంటుంది, నోటీసులో అదీ అడుగుతున్నా. ఎంసీబీ ఆపేశాం. రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు, ఆ బిల్లు కూడా దాచాలా?

సివిల్_వకీలు:
దాచండి. తేదీ, ఇంటి నంబరు వేయించుకోండి. షాక్ కొట్టడానికి కారణం స్లాబు నుంచి దిగిన చెమ్మేనని అతని చేత ఒక లైను రాయించండి, లేకపోతే స్విచ్ రిపేరు మీదేనంటారు.