గూఢచారి డ్రోనా, నిఘా డ్రోనా?

ప్రశ్న: గ్లోబల్ హాక్, ఎంక్యూ-9 లాంటి పెద్ద సైనిక డ్రోన్లను వార్తల్లో ఒకచోట ‘గూఢచారి డ్రోన్’ అంటారు, ఇంకోచోట ‘నిఘా విమానం’, మరోచోట ‘మానవరహిత విమానం’. వీటిలో ఏది నప్పుతుందండీ?

జవాబు: నిఘా అనండి. గూఢచారి పని చాటుగా సాగాలి. గ్లోబల్ హాక్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 40 మీటర్లు, రాడార్‌కు దొరక్కుండా కట్టినది కాదు. 2019 జూన్ 20న హోర్ముజ్ జలసంధి దగ్గర ఇరాన్ అలాంటిదాన్నే క్షిపణితో కూల్చింది. సుమారు 60,000 అడుగుల ఎత్తున గాలి పలచన. అక్కడ తక్కువ ఇంధనంతో 30 గంటలకు పైగా నిలవాలంటే రెక్క సన్నగా, పొడుగ్గా ఉండాలి. వదలకుండా కన్నేసి ఉంచడానికే ఆ ఆకారం.

ఇంకొకరు: చిన్న సవరణ. గ్లోబల్ హాక్ రెండు పనులు చేస్తుంది: నేలను చూసుకుంటూ చుట్టి రావడం, ఒకేచోట కన్నేసి ఉంచడం. నేలను పట్టీలు పట్టీలుగా రాడార్‌తో చూసుకుంటూ పోతే రోజుకు సుమారు లక్ష చదరపు కిలోమీటర్లు చుట్టేస్తుంది. దానికి మన పాతమాట ‘వేగు’ చక్కగా సరిపోతుంది: వెళ్లి, చూసి, కబురు తేవడం. ఒకేచోట కన్నేసి ఉంచితేనే నిఘా. ఆందోళన అంతా ఈ రెండోదానితోనే. పైనుంచి ఊరంతా ఎడతెగకుండా చిత్రించి దాచుకుంటే, మనిషి అని తెలిసే ఒక చుక్కను పట్టుకుని ఆ చిత్రాలను వెనక్కి తిప్పుతూ ఆ మనిషి ఎక్కణ్నుంచి బయల్దేరాడో చూడొచ్చు. 2020లో అమెరికాలోని బాల్టిమోర్ పోలీసులు ఇలాంటి నిఘా పెట్టించారు. అది రాజ్యాంగ విరుద్ధమయ్యే అవకాశమే ఎక్కువని 2021లో అప్పీలు కోర్టు తేల్చింది. అక్కడ ఎగిరినవి పైలట్లున్న మామూలు చిన్న విమానాలే. కాబట్టి లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నది అసలు సంగతి కాదు.

మరొకరు: అందుకే ‘మానవరహిత’ నాకు నచ్చదు. ఎంక్యూ-9కి నేలమీద ఒక పైలట్, కెమెరా తిప్పే ఆపరేటర్, వీడియో చూసే విశ్లేషకులు ఉంటారు. చాలాకాలం రన్‌వే దగ్గరి బృందం లేపి, దూరాన ఉన్న బృందానికి ఉపగ్రహ లింకు మీద అప్పగించేది. ఆ లింకులో సెకను పైచిలుకు ఆలస్యం ఉంటుంది, దించేటప్పుడు అది ప్రమాదం. అందుకని దించే పని మళ్లీ దగ్గరివాళ్లదే అయ్యేది. లింకు తెగితే ముందే ఎక్కించిన దారిలో వెళ్తుంది. ఇంతమంది చేతులుండగా ‘మానవరహిత’ అంటే, పొరపాటు జరిగినప్పుడు జవాబు చెప్పాల్సినవాళ్లు ఆ మాటలోంచే తప్పుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: పొరపాటు అంటే కెమెరాకు సరిగ్గా కనబడకపోవడమా?

జవాబు: చాలాసార్లు కనబడుతుంది, ఆనవాలు పట్టడమే తప్పుతుంది. కెమెరాను బాగా దగ్గరికి లాగితే గొట్టంలోంచి చూసినట్టే, చుట్టుపక్కల ఏముందో తెలియదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా సైన్యం వాళ్లు ఒక తెల్లకారును డ్రోన్లతో దాదాపు 8 గంటలు వెంబడించారు. అందులో ఎక్కించిన నీళ్ల డబ్బాలను పేలుడు పదార్థాలనుకున్నారు. క్షిపణి వేశారు. 10 మంది పౌరులు పోయారు, వాళ్లలో 7 గురు పిల్లలు. అన్ని గంటల నిఘా ఉన్నా అనుమానం తీరలేదు, ముదిరింది. ముందే శత్రువనుకుని చూస్తే ప్రతి కదలికా దానికి రుజువుగానే తోస్తుంది.

ఇంకొకరు: అందుకే ఎంక్యూ-9ని ఉత్తి ‘నిఘా డ్రోన్’ అని వదిలేయకూడదు. రెక్కల కింద హెల్‌ఫైర్ క్షిపణులుంటే ‘సాయుధ నిఘా డ్రోన్’ అనే రాయాలి. ఆయుధాల్లేని గ్లోబల్ హాక్‌కు ‘నిఘా డ్రోన్’ చాలు.