సర్వర్‌లో ఫ్యాన్ రీడింగ్ సెన్సార్స్ కమాండ్‌కి ఎందుకు కనబడదు?

రాత్రిడ్యూటీ:
అందరికీ నమస్తే. మా ఆఫీసులో రెండు ప్రాసెసర్ల ర్యాక్ సర్వర్ ఒకటి ఉబుంటు మీద నడుస్తోంది. శని, ఆదివారాల్లో ఎప్పుడో దాంట్లో ఒక ఫ్యాన్ ఆగిపోయింది, సోమవారం పొద్దున నేను సర్వర్ రూమ్‌లోకెళ్లి ముందు ప్యానెల్ మీద నారింజ లైటు చూసేదాకా ఎవరికీ తెలియదు. సర్వర్ల పరిస్థితిని గ్రాఫుల్లో చూపించే గ్రఫానాలో అంతా పచ్చగానే ఉంది. సెన్సార్స్ అని కొడితే కోర్ 0, కోర్ 1 అంటూ ప్రాసెసర్ టెంపరేచర్లు వస్తున్నాయి తప్ప ఫ్యాన్ ఊసే లేదు. మేనేజ్‌మెంట్ పోర్టు వెబ్ పేజీ తెరిస్తే మాత్రం ఫ్యాన్లు, పవర్ సప్లైలు, లోపలికొచ్చే గాలి వేడి, అన్నీ ఉన్నాయి. ఒకే డబ్బాలో ఉన్న సమాచారం ఓఎస్‌కి ఎందుకు అందట్లేదు? బోర్డు మీది సెన్సార్ చిప్‌లని వెతికే సెన్సార్స్-డిటెక్ట్ నడిపి అన్నిటికీ ఎస్ కొట్టాను, లాభం లేదు.

ర్యాక్‌వెనక:
డబ్బా ఒకటే కానీ లోపల కంప్యూటర్లు రెండండి. బోర్డు మీద బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) అని ఒక చిప్ ఉంటుంది, మీరు చూసిన మేనేజ్‌మెంట్ పేజీ దానిదే, దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ ఉంటాయి, మీరు సర్వర్‌ని ఆపేసినా కరెంటు వస్తున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఫ్యాన్లూ పవర్ సప్లైలూ చెప్పుకునేది దానికే, ఉబుంటుకి కాదు.

మీకు కనబడుతున్న కోర్ టెంపరేచర్ వేరే దారిలో వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్ తన గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో లోపలి రిజిస్టర్‌లో పెడుతుంది, కోర్‌టెంప్ డ్రైవర్ ఆ అంకెని హద్దులోంచి తీసేసి హెచ్‌డబ్ల్యూమాన్ (కెర్నల్ సెన్సార్ రీడింగులు పెట్టే చోటు) ఫోల్డర్‌లో ఫైలుగా చూపిస్తుంది. అక్కడ టెంప్2_ఇన్‌పుట్ లాంటి ఫైల్‌కి క్యాట్ కొట్టండి, 47000 లాంటి అంకె వస్తుంది. అవి మిల్లీ డిగ్రీలు, అంటే 47 డిగ్రీలు. సెన్సార్స్ కమాండ్ చదివేది ఈ ఫైళ్లనే, గ్రాఫుల కోసం సర్వర్ నుంచి అంకెలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ కూడా అంతే. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఫ్యాన్లు సాధారణంగా సూపర్ ఐఓ అనే, బోర్డు మీద చిన్నచిన్న పనులు చూసుకునే చిప్‌కి కలిసి ఉంటాయి కాబట్టి డ్రైవర్ ఉంటే అక్కడ కనబడతాయి.

ఇంకో మాట, సెన్సార్స్-డిటెక్ట్‌లో అన్నిటికీ ఎస్ కొట్టొద్దు, అది అడిగిన చోట డిఫాల్ట్ జవాబే ఉంచండి. ఒకప్పుడు కొన్ని థింక్‌ప్యాడ్‌లలో ఇలా చిప్‌లని కలిపే లైన్లు (బస్) తడమడం వల్లే ఈఈప్రామ్, అంటే సెట్టింగులు దాచుకునే మెమరీ చిప్, పాడైంది.

కెర్నల్‌పిచ్చి:
పైన చెప్పింది కరెక్ట్. ఇక బీఎంసీని అడగాలంటే ఐపీఎంఐ అనే భాషలో (సర్వర్ హార్డ్‌వేర్‌ని గమనించడానికి ఉన్న ప్రామాణిక పద్ధతి) అడగాలి. ఐపీఎంఐ_ఎస్ఐ, ఐపీఎంఐ_డెవ్‌ఇంటిఎఫ్ మాడ్యూళ్లు లోడ్ చేయండి, డెవ్ కింద ఐపీఎంఐ0 వస్తుంది, తర్వాత ఐపీఎంఐటూల్‌తో ఎస్‌డీఆర్ లిస్ట్, అంటే సెన్సార్ల వివరాల పట్టిక, తీయండి. చాలా సర్వర్లలో ఈ మాటలు కేసీఎస్ అనే ఇంటర్‌ఫేస్ మీద ఒక్కో బైట్‌గా నడుస్తాయి కాబట్టి బాగా నెమ్మది. ఐదు సెకన్లకోసారి అడిగితే కేఐపీఎంఐ0 అనే కెర్నల్ థ్రెడ్ సీపీయూ తింటూ పైకి కనబడుతుంది, గ్రఫానాకి అంకెలు సేకరించిపెట్టే ప్రొమీథియస్ డిఫాల్ట్ టైమౌట్ 10 సెకన్లు కూడా దాటిపోవచ్చు. నేనైతే ఐపీఎంఐ ఎక్స్‌పోర్టర్‌కి ప్రొమీథియస్‌లో విడిగా జాబ్ రాసి 60 సెకన్లకోసారి అడిగేలా పెడతాను.

రాత్రిడ్యూటీ:
వచ్చేశాయి! ఫ్యాన్ 5 దగ్గర 0 ఆర్‌పీఎం అని స్పష్టంగా ఉంది. ఒక డౌట్, మిగతా ఫ్యాన్లు 5,040 నుంచి ఒకేసారి 5,160కి దూకుతున్నాయి, మధ్యలో అంకె ఒక్కటీ రావట్లేదు. రీడింగ్ తప్పా?

కెర్నల్‌పిచ్చి:
తప్పు కాదు. ఇలాంటి సెన్సార్‌కి ఐపీఎంఐలో రీడింగ్ ఒక్క బైటే, అంటే 0 నుంచి 255 లోపు అంకె. దాన్ని ఎంతతో గుణించాలో, ఎంత కలపాలో ఎస్‌డీఆర్ రికార్డులో రాసి ఉంటుంది. మీ ఫ్యాన్‌కి 120తో గుణిస్తున్నట్టుంది, 42 వస్తే 5,040, 43 వస్తే 5,160. అందుకని అలర్ట్ హద్దుని చిన్న చిన్న తేడాల మీద పెట్టకండి.

ర్యాక్‌వెనక:
ఎస్‌ఈఎల్ లిస్ట్ (బీఎంసీ రాసుకునే సంఘటనల చిట్టా) కూడా తీయండి, ఫ్యాన్ ఎప్పుడు ఆగిందో బీఎంసీ రాసుకుని ఉంటుంది. టైమ్ మాత్రం జాగ్రత్త, బీఎంసీ గడియారం చాలాచోట్ల యూటీసీలో ఉంటుంది.

రాత్రిడ్యూటీ:
శనివారం 21:12 అని ఉంది. అయిదున్నర గంటలు కలిపితే ఆదివారం తెల్లవారుజామున 2:42. అంటే ఒక రోజు పైనే ఫ్యాన్ లేకుండా నడిచింది. ఈ సాయంత్రమే 60 సెకన్ల జాబ్ పెడుతున్నా, ఫ్యాన్ 0 అయితే నేరుగా నా ఫోన్‌కే మెసేజ్ వచ్చేలా. ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి.