పోకనోస్ యూత్ క్యాంప్: వలంటీర్ల పనులు, ఇంకా తేల్చుకోవాల్సిన విషయాలు

క్యాంప్ సమన్వయం

అందరికీ నమస్కారం. జులై రెండో ఆదివారం మధ్యాహ్నం మన తెలుగు సంఘం వేసవి క్యాంప్ కోసం పిల్లలు పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో దిగుతారు. శనివారం పొద్దున టిఫిన్లయ్యాక ఇళ్లకు బయల్దేరతారు. స్థలం పోయినేడాదిదే, సరస్సు ఒడ్డున ఉన్న అద్దె క్యాంప్. తొమ్మిది నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలు వస్తున్నారు. ఎవరు ఏ పని చేయగలరో ఇక్కడే రాయండి.

ముందు కాగితాల సంగతి. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పిల్లల బాధ్యత తీసుకునే ప్రతి వలంటీరుకూ స్టేట్ పోలీస్ నేరచరిత్ర తనిఖీ, చైల్డ్ అబ్యూస్ క్లియరెన్స్ (పిల్లల్ని హింసించిన రికార్డు లేదనే పత్రం) రెండూ ఉండాలి. గత పదేళ్లుగా ఆ రాష్ట్రంలోనే ఉంటున్నవాళ్లు తప్ప మిగతావాళ్లు ఎఫ్‌బీఐ వేలిముద్రలు కూడా ఇవ్వాలి. అంటే న్యూజెర్సీ నుంచి వచ్చే మనవాళ్లంతా ఇవ్వాల్సిందే. మొదటి రెండింటికి వలంటీర్లకు ఫీజు ఉండదు, వేలిముద్రల ఖర్చు సంఘం ఇస్తుంది. ఒకసారి వస్తే ఐదేళ్లు పనికొస్తాయి. ఇవి లేకుండా సంఘం పెద్దలైనా సరే, క్యాబిన్ల వైపు రావడానికి లేదు. క్లియరెన్స్ ఉన్నవాళ్లు కూడా ఒక పిల్లాడితో ఒంటరిగా గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇంకొకరి కంటికి కనిపించే చోటే ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. కార్యక్రమాల కోసం మీరు పంపిన సూచనలన్నీ చదివాను. పొద్దున యోగా, తర్వాత తెలుగు క్లాసు, వేమన పద్యాలు, మధ్యాహ్నం కోలాటం, సాయంత్రం కాలేజీ అడ్మిషన్ల మీద ఉపన్యాసం. ప్రతి ఒక్కటీ మంచిదే. అన్నీ పెడితే మాత్రం పిల్లలకు సరస్సు వైపు చూసే తీరిక కూడా ఉండదు.

మనలో చాలామందికి ఇల్లు వదిలి ఉండటమంటే ఇంటర్ హాస్టలే గుర్తొస్తుంది. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి మళ్లీ స్టడీ అవర్, నెలకోసారి నాన్న పచ్చడి సీసాతో వచ్చి గేటు దగ్గర నిలబడటం. అందుకే ఖాళీ గంట కనిపిస్తే మన చెయ్యి దాన్ని నింపడానికే పోతుంది. ఈ దేశంలో క్యాంప్ పుట్టుక వేరు. 1861లో కనెటికట్‌లో ఫ్రెడరిక్ విలియం గన్ అనే బడి పంతులు తన విద్యార్థుల్ని నడిపించుకుంటూ సముద్రతీరానికి తీసుకెళ్లి గుడారాల్లో ఉంచారు. అక్కడ వాళ్లు పడవలు నడిపారు, చేపలు పట్టారు. ఇక్కడి వేసవి క్యాంపులకు అదే మొదలని చెబుతారు.

కొత్త వలంటీర్ల కోసం మన క్యాంప్‌లో ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను. ఏడింటికి గంట కొడతారు. ఒక్కో క్యాబిన్‌లో పన్నెండుమంది పిల్లలు, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఇద్దరు కౌన్సెలర్లు. బాత్రూమ్ క్యూలో నిలబడటంతోనే పిల్లలకు సర్దుకుపోవడం మొదలవుతుంది. జెండా దగ్గర అందరూ చేరాక టిఫిన్. ఆ రోజు వంతు వచ్చిన క్యాబిన్ వాళ్లు బల్లలు తుడిచి, వడ్డించి, కంచాలు ఎత్తాలి. తర్వాత క్యాబిన్ ఊడ్చి, తడి తువ్వాళ్లు తాడు మీద ఆరేయాలి. ఇంట్లో కంచం తీయని పిల్లాడు మూడోరోజుకల్లా చీపురు కోసం పక్కవాడితో పోటీ పడతాడు, శుభ్రమైన క్యాబిన్‌కు మార్కులు ఉంటాయి కదా.

పొద్దున విలువిద్య, పడవలు, చేతిపనులు. మొదటిరోజే ఈత పరీక్ష పెడతారు. పాసైనవాళ్లకు ఒక రంగు బ్యాండ్, కానివాళ్లకు ఇంకో రంగు. బ్యాండ్ రంగును బట్టే ఎంత లోతు వరకు వెళ్లొచ్చో చెబుతారు. నీళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటుంది. విజిల్ ఊదగానే ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తాలి, లైఫ్‌గార్డ్ లెక్కపెడతారు. ఉరుము వినిపిస్తే వెంటనే గట్టెక్కాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవరూ మళ్లీ దిగకూడదు.

మధ్యాహ్నం భోజనమయ్యాక గంటసేపు ఎవరి మంచం మీద వాళ్లు. చదువుకోవచ్చు, ఉత్తరం రాసుకోవచ్చు, ఊరికే పైకప్పు చూస్తూ పడుకోవచ్చు. ఆ గంటలో తెలుగు క్లాసు పెడదామని ముగ్గురు అడిగారు. నేను ఒప్పుకోలేను. కారణం నాకన్నా బాగా చెప్పగల అమ్మాయి ఈ బృందంలోనే ఉంది, తననే రాయమన్నాను.

కౌన్సెలర్ (పూర్వ క్యాంపర్)

ఆంటీలకు, అంకుల్స్‌కు నమస్కారం. నేను పదేళ్లప్పుడు మొదటిసారి వచ్చాను. పగలంతా ఏదో ఒక ఆట ఉండేది, ఇల్లు గుర్తొచ్చేది కాదు. మధ్యాహ్నం మంచం మీద గడిపే ఆ రెస్ట్ అవర్‌లో గుర్తొచ్చేది. మొదటి రెండు రోజులు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. మూడోరోజు పై బంక్ అమ్మాయి తల కిందికి వంచి "నీకూ ఏడుపొస్తోందా?" అని అడిగింది. తను ఇప్పటికీ నా ఫ్రెండ్. ఆ గంటలో క్లాసు ఉండి ఉంటే మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని కూడా మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఇంకోటి. మేం స్కూల్లో మా లంచ్ బాక్స్ గురించి ఎవరికో ఒకరికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఇక్కడ పెరుగన్నం తింటుంటే ఎవరూ ఏమీ అడగరు. రాత్రి లైట్లు తీసేశాక మేం మాట్లాడుకునేవి చాలావరకు ఇలాంటివే. దయచేసి ఆ టైమ్ మాకు ఉంచండి.

వంటల బృందం

చాలా బాగా చెప్పావమ్మా.

మా వైపు నుంచి. అలర్జీల వల్ల క్యాంప్ వంటింట్లోకి పల్లీలు, జీడిపప్పు, బాదం తేవడానికి లేదు. కాబట్టి ఇడ్లీలోకి పల్లీ చట్నీ బదులు అల్లం పచ్చడి, టమాటా పచ్చడి చేస్తాం. పులిహోరలో శనగపప్పు, మినప్పప్పు మాత్రమే. ఒక బాబుకు నువ్వులు పడవని ఫారంలో రాశారు. ఆవకాయ చాలామంది నువ్వుల నూనెతోనే పెడతారు కాబట్టి ఇళ్ల నుంచి పచ్చళ్లు తేవద్దు. లేబుల్ చదివి మేమే కొంటాం. బుధవారం పిజ్జా, గురువారం రాత్రి ముద్దపప్పు, నెయ్యి, వేపుడు.

క్యాంప్‌ఫైర్ దగ్గర కాల్చే మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయిల్లో మామూలుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. శాకాహారం తినే పిల్లలున్నారు కాబట్టి అందరికీ జంతు పదార్థాలు లేని వీగన్ రకమే తెస్తున్నాం. రెండు రకాలు పెడితే చీకట్లో కలిసిపోతాయి.

జంతికలు, సున్నుండల డబ్బాలు పెట్టెల్లో దాచి పంపకండి. అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, క్యాబిన్‌లో తినుబండారాలు ఉండకూడదు. దిగేటప్పుడు పెట్టెలు చూస్తాం.

ఆరోగ్యం

మందులన్నీ ఫార్మసీ లేబుల్ ఉన్న సీసాల్లోనే తెచ్చి నర్సుకు ఇవ్వాలి. ఇన్‌హేలర్, ఎపిపెన్ (అలర్జీ తీవ్రమైతే ఇచ్చే ఇంజెక్షన్) మాత్రం పిల్లల వెంటే, వాళ్ల కౌన్సెలర్ సంచిలో ఉంటాయి.

ఆ అడవిలో పిడుదులు (టిక్స్) ఎక్కువ. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. అంటుకున్న పిడుదును ఒక రోజులోపు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. అందుకే రోజూ స్నానాల వేళ మోకాళ్ల వెనుక, చంకలు, నడుం పట్టీ, జుట్టు మొదళ్లు పిల్లలే చూసుకునేలా నేర్పుతాం. కనిపిస్తే గిల్లడం, నూనె రాయడం వద్దు. నర్సు దగ్గరికి వస్తే ట్వీజర్‌తో నిటారుగా లాగుతారు. మూడేసి ఆకులుండే మొక్కను ముట్టుకోవద్దని కూడా చెప్పి పంపండి, పాయిజన్ ఐవీ తగిలితే దద్దుర్లు వారాల తరబడి ఉంటాయి.

ఒక తల్లి, కొత్త వలంటీరు

మా పాప మొదటిసారి వస్తోంది. రోజూ రాత్రి ఐదు నిమిషాలు వీడియో కాల్ ఉంటే బాగుంటుందండి. నాకు టెన్షన్‌గా ఉంది.

క్యాంప్ సమన్వయం

అక్కా, మీ టెన్షన్ అర్థమవుతుంది, మా వాడు మొదటిసారి వెళ్లినప్పుడు నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఫోన్లు ఆఫీసులో దాచేస్తాం. అమ్మ గొంతు వినగానే అప్పటిదాకా ఆడుతున్న పిల్ల కూడా బెంగపడుతుంది. జ్వరం వచ్చినా, రెండు రాత్రులు వరుసగా నిద్రపోకపోయినా మేమే మీకు ఫోన్ చేస్తాం. రోజూ రాత్రి కొన్ని ఫొటోలు పెడతాం.

మీరు చేయాల్సినవి రెండున్నాయి. "నచ్చకపోతే వచ్చి తీసుకెళ్లిపోతా" అని మాటివ్వకండి. ఇస్తే మొదటి రాత్రి నుంచే పాప ఆ మాట పట్టుకుని కూర్చుంటుంది. చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవర్లు మూడు పంపండి. చాలామంది పిల్లలకు కవరు మీద చిరునామా ఎక్కడ రాయాలో తెలియదు. వీలైతే మీరు కూడా ఒక ఉత్తరం ముందే రాసి నాకు ఇవ్వండి, మంగళవారం తనకు అందేలా చూస్తాను. అందులో ఇంట్లో ఏం మిస్సవుతోందో రాయకండి, అక్కడ ఏం చేస్తోందో అడగండి.

తెలుగు విషయానికొస్తే, పొద్దున ఒక్క గంట ఉంటుంది. ఆ గంటలో పాఠం బదులు గురువారం క్యాంప్‌ఫైర్‌కు ప్రతి క్యాబిన్ తెలుగులో ఒక చిన్న నాటిక తయారు చేసుకుంటుంది. కథ, మాటలు వాళ్లవే. తప్పులు ఉంటే ఉండనివ్వండి, దిద్దడానికి ఎవరూ లేచి వెళ్లొద్దు. కాలేజీ ఉపన్యాసం సెప్టెంబరులో పెడదాం.

ఇంకా కావలసినవాళ్లు: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వచ్చే బస్సులో ఇద్దరు పెద్దలు, రాత్రి పదకొండు దాకా క్యాబిన్ల బయట కూర్చునేవాళ్లు రోజుకు నలుగురు, శనివారం పోయిన వస్తువుల పెట్టె చూసేవాళ్లు ఒకరు.

ఒక తల్లి, కొత్త వలంటీరు

సరేనండి. ఉత్తరం ఇవాళే రాస్తాను. శనివారం పెట్టె పని నాకివ్వండి. నా వేలిముద్రల అపాయింట్‌మెంట్ వచ్చే బుధవారం ఉంది.

రవాణా

బస్సులో నేను ఒకడిని. ఇంకొకరు చెప్పండి.