గర్భసంచి ఆపరేషన్ల మీద నిఘా కమిటీల్లో డాక్టర్లు ఉచితంగా పనిచేయడం మంచిదా?

పాలమూరు పిల్ల:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఇవాళ అడిగేస్తున్నాను.

మా అమ్మకు 33 ఏళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళితే, ఆయనే బండి ఎక్కించుకుని టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. స్కానింగ్ తీసి, "సంచికి పుండు పడింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నారట. మేమిద్దరం పుట్టేశాం, కు.ని. ఆపరేషన్ కూడా అయింది, ఇక సంచితో పనేముంది అనుకుంది అమ్మ. ఉన్న రెండెకరాల్లో అరెకరం తాకట్టు పెట్టారు. ఆ స్కానింగ్ రిపోర్టు ఇప్పటికీ రేషన్ కార్డుతో పాటు ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంది. కిందటేడు తెలిసిన డాక్టరమ్మకు చూపిస్తే, రెండుసార్లు చదివి, "ఇందులో గర్భసంచి నార్మల్ అనే రాసుందమ్మా" అంది. ఇన్నేళ్ళూ ఆ కాగితాన్ని మేం దాచిపెట్టుకున్నాం గానీ చదవలేదు. ఇప్పుడు అమ్మకు 51. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగుతుంది.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటులోనే జరిగాయి.

రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అనవసర ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. దేశ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో నిఘా కమిటీలు ఉండాలి.

ఇలాంటి కమిటీల్లో పేరున్న గైనకాలజిస్టులు రూపాయి తీసుకోకుండా సలహా ఇస్తే మనం మెచ్చుకుంటాం. నాకు మాత్రం గుబులుగానే ఉంటుంది. ఉచితంగా వచ్చినవాళ్ళను ఏ ధైర్యంతో నిలదీస్తాం? ఆయనే వచ్చి కూర్చోవడం గొప్ప, ఇంకా మీ ఆసుపత్రిలో ఎన్ని ఆపరేషన్లు చేశారని అడుగుతామా? నా మాట ఒకటే. ఉచిత సలహా వద్దు. గౌరవ వేతనం ఇవ్వండి, వాళ్ళ ఆసుపత్రి, వాటాల వివరాలు రాయించుకోండి, అప్పుడు కూర్చోబెట్టండి.

రిటైర్డ్ గైనిక్:
అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివి చాలా బాధ కలిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. అయినా మీ ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను.

రిటైరైన తర్వాత ఒకసారి ఇలాంటి ఆపరేషన్ల ఆడిట్‌కి పిలిచారు. ఏ జిల్లా అన్నది వద్దు. డబ్బేమీ లేదు, బస్సు ఛార్జీ కూడా నాదే. బల్ల మీద 62 కేసు షీట్లు పెట్టారు. 41 షీట్లలో కారణం దగ్గర ఒకటే వాక్యం, ఒకటే చేతిరాత, అదుపు లేని రక్తస్రావమని. ఆపరేషన్‌కి ముందు మందులు ఎన్నాళ్ళు వాడి చూశారో ఒక్క దాంట్లో లేదు. తీసిన సంచిని పరీక్షకు పంపినట్టు బయాప్సీ కాగితం లేదు. కొన్నింటిలో వయసు గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే 34లో 3 మీద 4 దిద్ది 44 చేసినట్టు కనిపించింది. 40 దాటితే ఎవరూ అంతగా ప్రశ్నించరని తెలిసినవాళ్ళు చేసిన పని అది.

నివేదికలో "అనవసరం" అని రాశాను. ఆ మాట తీసేసి "పునఃపరిశీలించదగినవి" అని పెట్టమన్నారు. నేను సంతకం పెట్టలేదు. వాళ్ళ దగ్గర వేతనం తీసుకుంటూ ఉంటే పెట్టేదాన్నేమో, నిజంగా చెబుతున్నాను. డబ్బు తీసుకోకపోవడమే నాకు ఆ రోజు బలం.

మీరు చెప్పిన నరేంద్ర గుప్తా గారు కూడా ఎవరి జీతం కోసమూ కోర్టుకు వెళ్ళలేదు కదా. ఆ కేసు 2013లో వేశారు. తీర్పు రావడానికి పదేళ్ళు పట్టింది. అన్నేళ్ళు పట్టుకుని కూర్చోవడం స్వచ్ఛందంగా చేసేవాళ్ళ వల్లే అవుతుంది.

సబ్‌సెంటర్ అక్క:
మేడం, మీరు సంతకం పెట్టలేదు, మంచి పని చేశారు. ఆ రిపోర్టు ఏమైంది?

రిటైర్డ్ గైనిక్:
ఏమీ కాలేదమ్మా. ఫైల్లో ఉండిపోయింది. మళ్ళీ నన్ను పిలవలేదు.

సబ్‌సెంటర్ అక్క:
నేను అనేది అదే మేడం. మీ బలం మిమ్మల్ని కాపాడింది. ఆ 41 మందికి ఏమొచ్చింది?

నేను ఏఎన్ఎంని, 19 ఏళ్ళ సర్వీసు. నా మాట కూడా వినండి. కమిటీ మీటింగు జిల్లా కేంద్రంలో పదకొండింటికి పెడతారు. పెద్ద డాక్టర్లు కారులో వచ్చి, గంట కూర్చుని వెళ్ళిపోతారు. వాళ్ళకు ఉచితం బరువు కాదు. ఆపరేషన్ అయిన ఆడమనిషిని అక్కడికి రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది, ఛార్జీలు ఆమెవే, చంకలో పిల్లో పిల్లాడో. ఆశా కార్యకర్తకు ఎక్కువగా పనిని బట్టే డబ్బులు. ఈ మీటింగుకు ఏ లెక్కలో ఇస్తారు? ఉచితం అన్నామంటే తీరిక, స్తోమత ఉన్నవాళ్ళే వస్తారు. మా ఊరి సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ ఆ గదిలో ఉండరు.

ఇంకో సంగతి. అన్నీ డాక్టర్లే మోసం చేసి చేసినవి కావు. "అక్కా, ఈ బాధ నేను పడలేను, తీసేయమని చెప్పు" అని నన్ను పట్టుకున్నవాళ్ళున్నారు. నాట్లు వేసే మడిలో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, లోపల గుడ్డ తడిసిపోతుంటే, మార్చుకోవడానికి చెట్టు చాటు కూడా ఉండదు. నెలకు నాలుగు రోజులు పని మానితే మేస్త్రీ ఇంకొకరిని పిలుస్తాడు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు నరికే ఆడవాళ్ళ సంగతి 2019లో బయటపడింది కదా. అక్కడ 82,309 మందిని సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదు. వాళ్ళ బాధ మోసం ఒక్కటే కాదు, కూలి కూడా. ఆ సంగతి కమిటీలో చెప్పాలంటే అక్కడ మా లాంటివాళ్ళం ఉండాలి. మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో రక్తస్రావం తగ్గించే దారి ఉందని వాళ్ళకు మొదట చెప్పాల్సింది మేమే. చెప్పడానికి ఆ లూప్ మా దగ్గర ఉండాలి కదా.

లెక్కల మాస్టారు:
నేను కొత్తగూడెంలో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఒక పాత విషయం గుర్తు చేస్తాను. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా అధ్యయనం అని దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు సూదులు వేశారు. చాలామంది హాస్టల్ పిల్లలు, గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, అది స్పష్టంగా చెప్పాలి. టీకా మంచిదే, మా మనవరాలికి వేయించాను.

నా అభ్యంతరం పద్ధతి మీద. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తల్లిదండ్రులు కాదు. ఆ తర్వాత విచారణకు వేసిన కమిటీలోని నిపుణులకు టీకా కంపెనీలతో సంబంధాలున్నాయా అన్నది ముందుగా రాతపూర్వకంగా తీసుకోలేదని కూడా ఆ నివేదిక తప్పుపట్టింది. వాళ్ళంతా పెద్ద చదువులు చదివినవాళ్ళే. డబ్బు తీసుకున్నారా లేదా అన్న దగ్గర మనం కొట్టుకుంటున్నాం గానీ, ముందు రాయించుకున్నామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

సిటీ సర్జన్:
మాస్టారూ, రాయించుకోవాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఈ చర్చ మొత్తం ప్రైవేటు డాక్టరంటే దొంగ అన్నట్టు సాగుతోంది. నేను హైదరాబాద్‌లో ప్రైవేటులోనే చేస్తాను. దిద్దిన వయసు పట్టుకున్నది ఎవరు? ఒక గైనకాలజిస్టు. ఐఏఎస్ అధికారి ముందు ఆ షీట్లు పెడితే అంతా సక్రమంగానే కనిపిస్తుంది. ఆపరేషన్ చేసిన చేతికే ఎక్కడ అవసరం, ఎక్కడ కాదు అన్నది తెలుస్తుంది.

2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులు చేయించే శిక్షణ మొదలుపెట్టినప్పుడు, దాన్ని నడిపించింది హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడుగా. ప్రసవాలు చేసే ప్రైవేటు సంస్థే సిజేరియన్లు తగ్గించడం ఎలాగో ప్రభుత్వానికి నేర్పింది. ప్రైవేటువాళ్ళకు తలుపు మూసేస్తే ఇలాంటివి ఎక్కడి నుంచి వస్తాయి?

పాలమూరు పిల్ల:
సర్, తలుపు మూయమని నేను అనలేదు. మీరు చెప్పిన పని నిజంగా మంచిది. అయినా 2019-21 సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం. ఒక సంస్థ దారి చూపించినా మిగతావాళ్ళు నడవలేదు. నడవనివాళ్ళు రేపు సలహా కమిటీలో కూర్చుంటే నాకు తెలిసే దారేది?

సిటీ సర్జన్:
మా ఆసుపత్రిలోనూ ముహూర్తం చూసుకుని వచ్చి కోయమనే కుటుంబాలున్నాయి. వారానికి ఒకరితోనైనా నాకు గొడవే. అయినా మీ ప్రశ్న న్యాయమైనదే. కమిటీలో ఉండే ప్రతి డాక్టరు తన ఆసుపత్రి ఏటా చేసిన గర్భసంచి ఆపరేషన్లు, సిజేరియన్ల లెక్క బయట పెట్టాలి. నావి పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. డబ్బు మాత్రం వద్దు. గౌరవ వేతనం అంటే ఆ కుర్చీ కోసం సిఫార్సులు మొదలవుతాయి.

సబ్‌సెంటర్ అక్క:
మీకు వద్దంటే వదిలేయండి సార్. ఆశాకు, కూలికి పోయే మనిషికి ఇవ్వండి. అందరికీ ఒకటే రూలు ఎందుకు?

పాలమూరు పిల్ల:
అక్క మాటతో నా ఆలోచన కొంచెం మారింది. అందరికీ వేతనం అని పట్టుపట్టను. రోజు కూలి పోయేవాళ్ళకు ఇవ్వాలి, డాక్టర్లు ఇష్టమైతే వదులుకోవచ్చు. కమిటీ రిపోర్టు మేడం రిపోర్టులా ఫైల్లో కూర్చోకుండా, పేషెంట్ల పేర్లు తీసేసి కలెక్టరాఫీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ కేసు షీటు, బయాప్సీ రిపోర్టు చేతికివ్వాలి. ఈ రెండింటి మీద మాత్రం తగ్గను.

రిటైర్డ్ గైనిక్:
అమ్మాయీ, ముందు ఒకటి అడుగుతాను. మీ అమ్మగారికి సంచితో పాటు అండాశయాలు కూడా తీశారా? 33 ఏళ్ళకు అవి తీసేస్తే ఎముకలు చాలా ముందే గుల్లబారతాయి. డిశ్చార్జి కాగితంలో ఉంటుంది చూడండి.

పాలమూరు పిల్ల:
వెతికాను మేడం. డిశ్చార్జి కాగితం లేదు. ఆ కవర్లో స్కానింగ్ రిపోర్టు, మందుల చీటీ, బిల్లు ఉన్నాయి. బిల్లులో "ఆపరేషన్" అని ఒక్క మాట, పక్కన అంకె. ఏం తీశారో అమ్మకు తెలియదు, నాన్నకు తెలియదు.

రిటైర్డ్ గైనిక్:
అయితే ఆలస్యం చేయకండి. దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళి స్కానింగ్‌లో అండాశయాలు ఉన్నాయో లేదో చూపించండి, ఎముకల పరీక్ష గురించి కూడా అడగండి. మోకాళ్ళ నొప్పి అని మాత్రలిచ్చి పంపేస్తే ఊరుకోకండి.

మాస్టారు రాసింది చదివాక నేనూ ఒకటి చెప్పాలి. మా అల్లుడికి స్కానింగ్ సెంటర్ ఉంది. నేను ఆడిట్‌కి వెళ్ళిన ఆ జిల్లాలోనే. ఆ 62 షీట్లలో అతని సెంటర్ రిపోర్టులు కూడా ఉన్నాయి. వాటినీ మిగతావాటిలాగే చూశాననే అనుకుంటున్నాను. కానీ నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మళ్ళీ ఎవరైనా పిలిస్తే, షీట్లు ముట్టుకునే ముందు అది రాసిస్తాను.