కమ్యూనిటీ కాలేజీలో గ్లోబల్ స్టడీస్ మొదలుపెట్టి యూసీకి మారినవారు ఉన్నారా?

ఫ్రీమాంట్ అమ్మ:
మా అమ్మాయి వచ్చే జూన్‌లో హైస్కూలు పూర్తి చేస్తుంది. గ్లోబల్ స్టడీస్ చదువుతానని పట్టుబట్టింది. వలసలు, వాణిజ్యం, యుద్ధాలు, నదీజలాల తగాదాలు, ఇదే దాని లోకం. ముందు రెండేళ్ళు ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలు ఓలోనీలోనో డీ ఆంజాలోనో చదివి, తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, అంటే యూసీకి, బదిలీ కావాలని ఆలోచన. డబ్బు ఒక కారణం, ఇంటి పట్టున ఉంటుందన్నది ఇంకో కారణం. కమ్యూనిటీ కాలేజీ అంటే మార్కులు రానివాళ్ళు వెళ్ళే చోటని ఊళ్ళో చుట్టాలు అనుకుంటారు. వాళ్ళకు నేను సమాధానం చెప్పుకుంటాను. ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి, ఎక్కడ ఆలస్యమవుతుంది? ముందుగా ఏది చూసుకోవాలి? మేము హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా, మీద ఉన్నాం.

గౌచో పూర్వ విద్యార్థి:
నమస్తే అండి. నేను డీ ఆంజాలో చదివి యూసీ శాంటా బార్బరాకు మారాను. అక్కడ గ్లోబల్ స్టడీస్‌కు సొంత విభాగం ఉంది, పీహెచ్‌డీ వరకు చదవవచ్చు.

అన్నిటికంటే ముందు భాష గురించి ఆలోచించండి. ఈ మేజర్‌కు, అంటే ప్రధాన సబ్జెక్టుకు, చాలా యూసీ క్యాంపస్‌లు ఒక విదేశీ భాషను బాగా పై స్థాయి వరకు అడుగుతాయి. మిగతా కోర్సులను ఎలాగైనా సర్దుకోవచ్చు. 'గ్లోబల్ స్టడీస్ పరిచయం', 'ప్రపంచ సమస్యలు' ఒకే టర్మ్‌లో కూడా తీసుకోవచ్చు. స్పానిష్ 1 పూర్తి కాకుండా మాత్రం స్పానిష్ 2లో కూర్చోనివ్వరు. ఒక్కో మెట్టుకు ఒక్కో టర్మ్ పడుతుంది. పైగా మూడో, నాలుగో మెట్టు తరగతులకు విద్యార్థులు తక్కువ కావడంతో చిన్న కాలేజీలు వాటిని ప్రతి టర్మ్‌లో పెట్టవు. నేను చూసినంతలో బదిలీ ఏడాది వెనక్కి పోయినవాళ్ళలో ఎక్కువమందిని ఆపింది భాషే, గణితం కాదు. అమ్మాయి హైస్కూల్లో ఏ భాష చదివిందో అదే కొనసాగిస్తే మేలు. మొదటి టర్మ్‌లోనే నమోదు చేయించండి.

రెండోది, అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైటు. కమ్యూనిటీ కాలేజీలోని ఏ కోర్సు ఏ యూసీలో దేనికి సమానమో అందులో ఉంటుంది. మేజర్ పేరు ఒకటే అయినా జాబితాలు ఒకటి కావు. ఒక క్యాంపస్ ఆర్థికశాస్త్రం గట్టిగా అడుగుతుంది, ఇంకొకటి ప్రపంచ చరిత్ర అడుగుతుంది. అందుకే రెండు మూడు క్యాంపస్‌ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, అన్నిటికీ పనికివచ్చే కోర్సులతో మొదలుపెట్టాలి. సాధారణ విద్యకు, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన కోర్సులకు, ఇప్పుడు కాల్-గెట్‌సీ అనే కొత్త పద్ధతి ఉంది, మొత్తం 34 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు). అది పూర్తయింది కదా అని మేజర్ కోర్సులు వదిలేస్తే సీటు రాదు.

ఫ్రీమాంట్ అమ్మ:
చాలా ఉపయోగపడే మాట చెప్పారు. స్పానిష్ చదివింది, ఆపేద్దామనుకుంటోంది. ఈ రాత్రే మాట్లాడతాను. ప్రవేశానికి హామీ ఉంటుందని ఎవరో అన్నారు, నిజమేనా?

గౌచో పూర్వ విద్యార్థి:
నిజమే, కొన్ని షరతులు ఉన్నాయి. దాన్ని టాగ్ అంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటికే ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియేగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి. దరఖాస్తు సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు. జీపీఏ, మేజర్ షరతులు క్యాంపస్‌ను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి. అసలు యూసీ దరఖాస్తు వేరు, అది ఆగస్టులో తెరుస్తారు, అక్టోబర్ 1 నుంచి పంపవచ్చు, నవంబర్ ముగిసేలోపు పంపేయండి. జనవరిలో మార్కుల వివరాలు మళ్ళీ నింపాలి, చాలామంది మరచిపోయేది అదే. బర్క్‌లీ మీద మనసుంటే శాంటా బార్బరాకు టాగ్ పెట్టి, బర్క్‌లీకి మామూలుగా దరఖాస్తు చేయండి.

ప్లెజంటన్ నాన్న:
లెక్క ఒకసారి చూద్దాం. రాష్ట్ర నివాసికి కమ్యూనిటీ కాలేజీలో సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లు. ఏడాదికి 30 యూనిట్లు తీసుకుంటే 1,380 డాలర్లు. డీ ఆంజా క్వార్టర్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి యూనిట్ ధర వేరుగా ఉంటుంది. యూసీలో ట్యూషనే దానికి దాదాపు పదింతలు, హాస్టలు, భోజనం అదనం. ఈ తేడా ఎవరూ కాదనరు.

అయినా మా అబ్బాయి విషయంలో నాకు కష్టంగా అనిపించింది ఇంకొకటి ఉంది. అందరూ తరగతి అయిపోగానే కారెక్కి ఉద్యోగానికో ఇంటికో వెళ్ళిపోతారు. స్నేహాలు కుదరవు. వాడు ఆ రెండేళ్ళూ ఒంటరిగా ఉన్నాడు, తండ్రిగా అది చూడటం బాధ. మంచి ఆర్థిక సాయంతో నేరుగా యూసీ సీటు వస్తే అదే తీసుకోమంటాను.

రొయ్యల చెరువు:
ప్లెజంటన్ గారి బాధ అర్థమవుతుంది. నా అనుభవం మాత్రం వేరు. మా తరగతిలో ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన నర్సు, ఇరాక్‌లో పనిచేసిన మాజీ సైనికుడు, కాబూల్ వదిలి వచ్చిన కుటుంబంలోని అమ్మాయి ఉండేవారు. వలసల మీద పాఠం జరుగుతుంటే, ఆ వలసలో నడిచినవాళ్ళు పక్క బల్ల మీదే కూర్చుని ఉంటారు. ఈ సబ్జెక్టుకు అంతకంటే మంచి తరగతి గది ఎక్కడ దొరుకుతుంది?

మాది భీమవరం వైపు. టర్మ్ పేపరుకు రొయ్యలనే ఎంచుకున్నాను. మన చెరువుల్లో పెరిగే వనామీ రకం రొయ్య అసలు పసిఫిక్ తీరంలోని లాటిన్ అమెరికాది. దానికి పెద్ద కొనుగోలుదారు అమెరికా, గట్టి పోటీదారు ఈక్వడార్. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ గోదావరి జిల్లాల చెరువు గట్ల దాకా తగిలింది. వాషింగ్టన్‌లో సంతకం పడితే మా బాబాయి మేత అప్పు ఎలా పెరుగుతుందో రాసుకుంటూ పోయాను. వాణిజ్యం, పర్యావరణం, కూలీల వలస, అన్నీ ఆ ఒక్క రొయ్య చుట్టూ దొరికాయి. మీ అమ్మాయికి నచ్చింది ఇలాంటిదే అయితే ధైర్యంగా పంపండి.

బెజవాడ నుంచి శాన్ హోసే:
ఇండియా నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద రావాలనుకునేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రాస్తున్నాను. మనకు 46 డాలర్ల ధర వర్తించదు, బయటివారి ధర దానికి ఎన్నో రెట్లు. ప్రతి టర్మ్‌లో కనీసం 12 యూనిట్లు ఉండాలి. గ్లోబల్ స్టడీస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు, అంటే చదువు తర్వాత పని అనుమతి 12 నెలలే, కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు వచ్చే అదనపు 24 నెలలు రావు. అమెరికా విదేశాంగ సర్వీసు ఉద్యోగాలకు పౌరసత్వం తప్పనిసరి. చదవవద్దని నేను అనను, నేనే చదివాను. గణాంకాలతో కూడిన ఆర్థికశాస్త్ర మేజర్లు కొన్ని స్టెమ్‌లోకి వస్తాయి, ఇష్టమైతే దాన్ని రెండో మేజర్‌గా పెట్టుకోండి. మైనర్‌గా, అంటే చిన్న ఉపసబ్జెక్టుగా, చదివితే అది లెక్కలోకి రాదు.

ఫ్రీమాంట్ అమ్మ గారూ, హెచ్-4 పిల్లలకు 21 ఏళ్ళు నిండితే ఆ హోదా పోతుంది. మీ అమ్మాయికి అది సరిగ్గా బదిలీ అయిన ఏడాదిలో వచ్చి పడవచ్చు. ఎఫ్-1కు మారితే ఫీజు ఏ లెక్కన తీసుకుంటారో రాష్ట్ర నివాసి అవునో కాదో తేల్చే క్యాంపస్ రెసిడెన్సీ కార్యాలయాన్ని ముందే అడిగి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. వలస న్యాయవాదిని ఇప్పుడే కలవండి. ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4కు లేదు.

ఫ్రీమాంట్ అమ్మ:
నిజమే, తనకు 21 వచ్చేది అప్పుడే. వాళ్ళ నాన్నగారు ఈ వారమే న్యాయవాదితో మాట్లాడతానన్నారు. ఏఏ-టీ, అంటే బదిలీ కోసం కమ్యూనిటీ కాలేజీ ఇచ్చే డిగ్రీ, తీసుకుంటే బదిలీ ఖాయమని కాలేజీ కరపత్రంలో చూశాను. అదీ ఇదీ ఒకటేనా?

గౌచో పూర్వ విద్యార్థి:
కాదండి. ఆ డిగ్రీ 2010 చట్టంతో వచ్చింది, దాని హామీ యూసీకి కాదు, కాల్ స్టేట్ అనే మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థ క్యాంపస్‌లకే. శాన్ హోసే స్టేట్ లాంటివి మీ జాబితాలో ఉంటే తప్పక తీసుకోండి. యూసీకి దాని మీదే ఆధారపడకండి.

ఇంకొకటి, విదేశంలో చదివే అవకాశం. యూసీకి 1962 నుంచి సొంత కార్యక్రమం ఉంది. బదిలీ విద్యార్థికి ఉండేది రెండేళ్ళే కాబట్టి క్యాంపస్‌లో అడుగుపెట్టిన మొదటి క్వార్టర్‌లోనే ఆ దరఖాస్తు వివరాలు కనుక్కోవాలి.

గుంటూరు పడమర:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను పదో తరగతి వరకు గుంటూరు జిల్లాలో తెలుగు మాధ్యమంలో చదివి, తర్వాత ఇక్కడికి వచ్చాను. గ్రీన్ కార్డు ఉంది. నేను కూడా స్పానిష్ మొదటి నుంచి నేర్చుకోవాలా?

గౌచో పూర్వ విద్యార్థి:
సాధారణ విద్యకు అక్కర్లేకపోవచ్చు, కాల్-గెట్‌సీలో భాష నిబంధన లేదు. ఆరో తరగతి లేదా ఆపై స్థాయిలో, ఇంగ్లిష్ కాని భాషలో బోధించే బడిలో కనీసం రెండేళ్ళు తగిన మార్కులతో చదివి ఉంటే భాష నిబంధన తీరినట్లేనని దానికి ముందున్న పాత పద్ధతి ఐజెట్‌సీ ప్రమాణాల్లో ఉండేది. మేజర్ అడిగే భాష సంగతి వేరు, క్యాంపస్ సలహాదారును అడగాలి. బర్క్‌లీలో తెలుగు బోధిస్తారు, అక్కడ ఆసియా ప్రాంతాన్ని ఎంచుకునే ఆలోచన ఉంటే తెలుగు గురించి ప్రత్యేకంగా అడగండి.

సలహాదారుకు చూపడానికి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తెప్పించుకోండి. బోధనా మాధ్యమం తెలుగు అని అందులో స్పష్టంగా రాయించాలి. దానితోపాటు ఆ తరగతుల మార్కుల జాబితా, ఇంగ్లిష్ అనువాదం ఉండాలి.

గుంటూరు పడమర:
మా బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు.

రొయ్యల చెరువు:
కలిపిన బడిలో పాత రిజిస్టర్లు అడగండి. అక్కడ లేకపోతే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి. వేసవి సెలవుల్లో ఎవరూ దొరకరు, జూన్ రెండో వారంలో బడులు తెరిచాక ఇంటివాళ్ళను పంపండి.