క్లయింట్‌కి చెప్పకుండా పనిని కింది వెండర్‌కి ఇవ్వడం సబబేనా?

నీలిసిరా:
ప్రపోజల్‌లో పదిహేనేళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ రెజ్యూమె పెట్టి కన్సల్టింగ్ కంపెనీ ప్రాజెక్టు గెలుస్తుంది. పని మొదలయ్యాక ఆయన వారానికో కాల్‌లో కనిపిస్తాడు. కోడ్ రాసేది చేతులు మారి పని అందుకున్న మూడో వెండర్ (బయటి కంపెనీ) పంపిన కుర్రాళ్లు. క్లయింట్‌కి ఆ సంగతే తెలియదు. నా లెక్కలో ఇది మోసం. మీరేమంటారు?

డెలివరీమనిషి:
మోసం అనేముందు లోపలి లెక్క కూడా చూడండి. బిల్లింగ్ రేటుకీ (మనిషి పనికి క్లయింట్ దగ్గర తీసుకునేదానికీ) జీతానికీ ఉన్న తేడాతోనే ఈ కంపెనీలు బతుకుతాయి. అందుకే పైన ఒక పార్ట్‌నర్, మధ్యలో కొందరు మేనేజర్లు, కింద ఎక్కువమంది జూనియర్లు. మనిషి బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉంటే జీతం ఇవ్వాలి, బిల్లింగ్ రాదు. మూడు నెలల పనికి ఒక మెయిన్‌ఫ్రేమ్ నిపుణుణ్ణి ఏడాది పొడవునా ఎవరు పోషిస్తారు? బయటినుంచి తెచ్చుకోవాల్సిందే.

నీలిసిరా:
తెచ్చుకోవద్దనలేదండీ, చెప్పి తెచ్చుకోమంటున్నాను.

మూడోపొర:
ఆ మూడో వెండర్ పంపిన కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. మొదటి కంపెనీ ఈమెయిల్ ఐడీ ఇచ్చి, ఎవరడిగినా ఆ కంపెనీ ఉద్యోగినే అని చెప్పమన్నారు. నా రెజ్యూమెలో రెండేళ్ల అనుభవాన్ని ఐదేళ్లు చేశారు, నన్ను అడగకుండానే. పైవాళ్లకి డబ్బు వచ్చాకే కిందివాళ్లకి అన్నది షరతు. క్లయింట్ బిల్లు 60 రోజులకి చెల్లించేవాడు, ఒక్కో పొర దాటి మా దాకా వచ్చేసరికి నాలుగో నెల. అయినా డబ్బుకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఒక ఫైల్‌లో ఫలానా తేదీ ఆర్డర్ ఇచ్చిన తేదీయా, సరుకు పంపిన తేదీయా అని తెలుసుకోవాలి. క్లయింట్‌ని నేరుగా అడగకూడదు. జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోపు ఊహించి రాసిన కోడ్ తప్పయింది. ఆ టెన్షన్ నాకు, నష్టం క్లయింట్‌కి.

ఒప్పందాలపక్షి:
రెండు రకాల పనుల్ని కలిపేస్తున్నారు. ఫిక్స్‌డ్ ప్రైస్ అయితే రిస్క్ కంపెనీది, క్లయింట్ కొనేది ఫలితాన్ని. టైమ్ అండ్ మెటీరియల్ అయితే క్లయింట్ కొనేది ఆ మనిషి గంటల్ని. ఆ గంటలు ఎవరివో దాచిపెడితే అది కచ్చితంగా తప్పే. సబ్‌కాంట్రాక్ట్‌కి ముందుగా రాతపూర్వక అనుమతి, ముఖ్యమైన మనుషుల్ని మార్చకూడదన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటాయి. సంతకం తర్వాత వాటిని తెరిచి చూసేవాళ్లే తక్కువ.

డెలివరీమనిషి:
చెప్పినంతమాత్రాన పని బాగుపడదు కూడా. అమెరికాలో 2013 అక్టోబరు 1న మొదలైన ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్ చూడండి. కాంట్రాక్టర్లెవరో ప్రభుత్వానికి బాగా తెలుసు, పని ఇచ్చిందే అది. అయినా సైట్ మొదటిరోజే చతికిలబడింది. అన్నిటినీ కలిపి పరీక్షించింది చివరి రెండు వారాల్లోనే అని కాంట్రాక్టర్లే అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ముందు చెప్పారు. ఆ నెలాఖర్లో ఆ కాంట్రాక్టర్లలో ఒకటైన క్యూఎస్ఎస్ఐకి మొత్తం సమన్వయం అప్పగించాక గానీ పని గాడిన పడలేదు. కావలసింది బాధ్యత తీసుకునే ఒక్కరు.

మూడోపొర:
బాధ్యుడు ఒక్కరే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ రాసేవాడెవడో తెలియకుండా ఆ ఒక్కరు ఎవర్ని అడుగుతారండీ? తేదీ సంగతి క్లయింట్‌ని నన్ను నేరుగా అడగనిచ్చివుంటే అరగంటలో తేలిపోయేది.

డెలివరీమనిషి:
ఆ మాట నిజం. పేర్ల జాబితా క్లయింట్‌కి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. రేట్లు మాత్రం చెప్పను.

నీలిసిరా:
రేట్లు నేనూ అడగలేదు. పేర్లు చాలు, వాటితోపాటు రెజ్యూమెలో నిజమైన ఏళ్లు.